ఊగుతూ నేర్చిన పద్యం

జగిత్యాల నుంచి సిరిసిల్ల వెళ్లే బస్సులో నా పక్కన తెల్ల స్కార్ఫు కట్టుకున్న పన్నెండేళ్ల పిల్ల కూర్చుంది. ముందుకూ వెనక్కూ ఊగుతూ తెలుగు పద్యం వల్లిస్తోంది.

"గట్ల ఊగుతున్నవేంది బిడ్డా?" అన్నాను.

"మదర్సాల ఖురాన్ గిట్లనే ఊగుకుంట నేర్చుకున్న ఆంటీ. ఇప్పుడు బడి పాఠాలు గూడ ఊగితెనే యాదికొస్తయి."

సిరిసిల్లలో పద్యాల పోటీ ఉందట. స్టేజీ మీద కదలకుండా నిలబడాలని టీచర్ చెప్పిందట. "కదలకుంటె రెండో లైన్ కాడ ఆగిపోతున్న," అంది దిగులుగా.

ముందు సీట్లో బుర్ఖాలో ఉన్న వాళ్లమ్మ వెనక్కి తిరిగింది. "ఒళ్లు ఊపొద్దన్నరు గని, కాలివేళ్లు ఊపొద్దన్నరా బేటీ?"

పిల్ల కిసుక్కున నవ్వింది.

బస్టాండులో దిగాక నా ముందు చేతులు కట్టుకుని, నిటారుగా నిలబడి పద్యం అందుకుంది. రెండో లైను దాటింది. చివరిదాకా ఎక్కడా తడబడలేదు. మేమిద్దరం చప్పట్లు కొడితే, పక్కనున్న అరటిపళ్ల బండాయన కూడా కొట్టాడు.

పోటీలో ఏమైందో నాకు తెలియదు. మొన్న మా ఆఫీసు మీటింగులో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయాను. అందరూ నావైపే చూస్తున్నారు. చెప్పుల్లో కాలివేళ్లు మెల్లగా ఊపాను.

మాట వచ్చేసింది.