బాపు పోసిన కొసరు

మా బాపు ఛత్రినాకలో ఇంటింటికీ తిరిగి పాలు పోస్తాడు. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం తాగి బండి నడుపుతూ, మలుపు దగ్గర పాల క్యాన్లతో సహా పడ్డాడు. ఆసుపత్రి ఎమర్జెన్సీలో నుదుటికి ఏడు కుట్లు వేశారు. తడి రోడ్డు మీద బండి జారిందని అక్కడ అందరికీ చెప్పాడు.

ఆయన తాగి వచ్చిన రోజులన్నీ రెండేళ్లుగా నా డైరీలో ఉన్నాయి. ఆయన ముందు మాత్రం నోరు పెగలలేదు. ఈసారీ అదే అబద్ధంతో ఇంటికి పోతే, మళ్లీ పడిననాడు కుట్లతో ఆగదని నా భయం.

కట్టు కట్టాక ఆసుపత్రిలో పనిచేసే ఒకామె స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. తాగి దెబ్బలు తగిలించుకుని వచ్చినవాళ్లతో ఓ పది నిమిషాలు మాట్లాడటం ఆమె పని. తిడుతుందనుకున్నాను. ఆమె ముందు బర్రెల గురించి అడిగింది. తర్వాత, తాగుడు సంగతి మాట్లాడొచ్చా అని అనుమతి అడిగింది. బాపును అలా అడిగినవాళ్లను నేను అంతవరకు చూడలేదు. రోజుకెంత అంటే, కొంచెమే అన్నాడు.

ఆమె కాదనలేదు. నీళ్ల సీసా, స్టీలు గ్లాసు అందించి, ఆ కొంచెం ఎంతో పోసి చూపమంది.

ముప్పై ఏళ్లు పాలు కొలిచిన చెయ్యి అది. తప్పుడు కొలత దానికి రాదు. గ్లాసు ముప్పావు నిండాక ఆగాడు. ఆపైన, మా గల్లీలో ప్రతి గిన్నెలో పోసినట్టే, మణికట్టు వంచి ఇంకాస్త పోశాడు.

"గిదేందన్నా, కొసరా?" అని అడిగిందామె, నవ్వకుండా.

బాపు సీసా పక్కన పెట్టాడు. రోజుకు ఇట్లాంటివి ఎన్ని అని ఆమె మెల్లగా అడిగింది.

"రెండు," అన్నాడు. నా వైపు చూశాడు. "అబద్ధమెందుకు మేడం, నాలుగు. బండి గూడ జారలే."

ఏం తగ్గించాలో ఆమె చెప్పలేదు, ఆయన్నే అడిగింది. మాపటి పాలు పోసి వచ్చేదాకా ముట్టనని, తర్వాత రెండే గ్లాసులని, కొసరు బంద్ అని బాపు చెప్పాడు. తాగుడు తగ్గించాక చేతులు వణికినా, ఒంట్లో తేడా చేసినా వెంటనే రమ్మని ఆమె చీటీ మీద రాసిచ్చింది. ఆమెకు దండం పెట్టాలనిపించింది. సిగ్గేసి, ఆమె లేచాక స్టూలు పక్కకు జరిపాను.

మూడో రోజు, మాపటి పాలు పోసి వచ్చి బాపు మందు సీసా, గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పావు దగ్గర ఆగాడు. మణికట్టు మళ్లీ వంగబోయింది.

"బాపూ, కొసరు," అన్నాను.

సీసా నిలబెట్టి, మూత నా చేతిలో పెట్టాడు.