బెంగళూరోడికి ఒక డబ్బా నిప్పట్లు

ఆ రోజుల్లో నేను ఈ లోకంలో జాబితాగా రాయలేనిది ఏదీ లేదని నమ్మేవాణ్ణి. (ఇప్పటికీ నమ్ముతాను, కాకపోతే బయటికి చెప్పను.) పొద్దున లేస్తే ఆ రోజు పనుల జాబితా, అందులో మొదటి పని 'జాబితా రాయడం', రాయగానే దాన్ని కొట్టేసి, పని మొదలైపోయిందన్న తృప్తితో కాఫీ తాగడం. ఇంజనీరింగు చదివి బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో చేరి, ఇంటి నుంచే పనిచేసుకోవచ్చన్న మాట చెవిన పడగానే కంప్యూటరు సంచిలో పెట్టుకుని మదనపల్లెకు వచ్చేశాను. జనం ఫోన్లలో ఆప్‌లు వాడేటప్పుడు ఎక్కడ తడబడతారో, ఎక్కడ విసుక్కుంటారో పక్కన కూర్చుని గమనించడం, దాన్నిబట్టి ఆ తెరలను మళ్ళీ గీయడం నా ఉద్యోగం. ఇది మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. టమోటా మార్కెట్లో ఎవరైనా అడిగితే మా నాయన "మావోడిది ఫోన్లు సూసే పని" అని చెప్పేవాడు. విన్నవాళ్ళు పగిలిన ఫోన్లు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు.

ఇలాంటి పనే చేసేవాళ్ళు చుట్టుపక్కల ఇంకెవరైనా ఉన్నారా అని ఆన్‌లైన్ గుంపుల్లో వెతగ్గా వెతగ్గా ఇద్దరు దొరికారు. ఒకరు పుంగనూరు భాయ్. వాళ్ళ నాన్నకు అక్కడి బజారు వీధిలో టైలరింగ్ షాపు. ఆ షాపు పైనున్న మేడగదిలో కూర్చుని భాయ్ ఏదో చెన్నై కంపెనీకి పనిచేసేవాడు. రెండోది కుప్పం అమ్మాయి. చదువు అప్పుడే ముగించి, ఇలాంటి ఉద్యోగం కోసం చూస్తోంది. ముగ్గురమూ నెలకొకసారి ఎక్కడో ఒకచోట కలిసి మా పని గురించి సరదాగా మాట్లాడుకుందామనుకున్నాం. పెద్ద నగరాల్లో ఇలాంటి కలయికలు మామూలే. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, ఎవరూ అధ్యక్షత వహించరు, ఊరికే కలుస్తారు. ఆ 'ఊరికే' అన్న మాట నాకు కొరుకుడు పడలేదు. కార్యక్రమ పట్టిక తయారుచేసి ఇద్దరికీ పంపాను. అందులో మూడో అంశం, 'సరదాగా మాట్లాడుకొనుట'. కుప్పం అమ్మాయి వెంటనే జవాబు పంపింది, "అన్నా, నవ్వేదానికి టైమెప్పుడు పెట్టినావు?" అని. నేను పట్టిక సవరించి మళ్ళీ పంపాను.

ఈ మొదటి కలయికకు కొద్ది రోజుల ముందు బెంగళూరు నుంచి మా మేడం ఫోన్ చేసింది. అప్పుడు మేము ఆసుపత్రి టోకెను ఇంటి నుంచే తీసుకునే ఆప్ ఒకటి తయారుచేస్తున్నాం. దాని తెరలన్నీ గీసింది నేనే. "నువ్వు ఊళ్ళో కూర్చుని పనిచేస్తున్నావు, సరే. అందువల్ల మాకేం లాభం? ఆ ఆప్‌ను అక్కడివాళ్ళతో వాడించి ఏం బాగాలేదో తెలుసుకో. పనికొచ్చే సంగతులు పంపితే అక్కడే ఉండు. లేకపోతే వచ్చే నెల నుంచి ఆఫీసుకు వచ్చేయ్," అంది. బెంగళూరంటే నాకు పగేం లేదు. కానీ అక్కడ నా గది కిటికీ తెరిస్తే రెక్క పోయి పక్కింటి గోడకు తగిలేది. ఇక్కడ సాయంత్రం మిద్దె ఎక్కితే కొండలు కనిపిస్తాయి, కింద నుంచి మా అమ్మ తాలింపు వాసన వస్తుంది. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. అందుకని తలా ఒక ఇంటి మనిషిని కలయికకు తీసుకురావాలనీ, వాళ్ళ చేత నా ఆప్ వాడించాలనీ మిగతా ఇద్దరినీ ఒప్పించాను.

కలయిక పుంగనూరు భాయ్ మేడగదిలో. నేను పుంగనూరులో బస్సు దిగి, ఆ ఊళ్ళోనే ఉండే మా మేనత్తను వెంటబెట్టుకుని వెళ్ళాను. అత్త రెండు స్టీలు డబ్బాల్లో నిప్పట్లు తెచ్చింది (చెక్కలంటే మిగతా జిల్లాలవాళ్ళకు తెలుస్తుంది). పెద్ద డబ్బా అందరికీ, చిన్న డబ్బా నాకు. నిప్పట్లలో వేరుశనగ పలుకులు తగిలితే నాకు చిన్నప్పటినుంచీ పడదు. ఒక్కో పలుకునూ ఏరి పళ్ళెం అంచున వరసగా పేర్చేవాణ్ణి. ఆ వరస చూడలేక అత్త నాకోసం పలుకులు లేకుండా విడిగా చేయడం మొదలుపెట్టింది. మా వంశం మొత్తంలో అలా తినేవాణ్ణి నేనొక్కణ్ణే.

మేడ ఎక్కేసరికి గదిలో మైకు ఉంది. దాని బూర కిటికీ చువ్వలకు కట్టి, బజారు వైపు తిప్పి ఉంది. భాయ్ తలదించుకుని, "మీటింగని చెప్పినా భాయ్. అబ్బా పోయి మైకు తెచ్చేసినాడు," అన్నాడు. వాళ్ళ నాన్న టైలర్ మాస్టరు మెడలో టేపుతో నవ్వుతూ నిలబడి, "పెద్ద సదువుల మీటింగు బేటా, మైకు లేకుంటే ఎవురు లెక్క పెడతారు?" అన్నాడు. ఇంతలో కుప్పం అమ్మాయి వాళ్ళ అవ్వను తీసుకుని వచ్చింది. పలమనేరులో బస్సు మారి వచ్చారు. దారి పొడుగునా అవ్వ డ్రైవరుకు బ్రేకు ఎట్లా వేయాలో చెబుతూనే ఉందట. అది విని నేను సంతోషించాను. లోపాలు చెప్పడానికి ఇంతకంటే తగిన మనిషి దొరకదు కదా.

కానీ జరిగింది వేరు. అవ్వ నా ఆప్‌లో మొదటి తెర దగ్గరే ఆగిపోయి, డాక్టరు బొమ్మను వేలితో పొడిచి పొడిచి, ఫోను నా చేతికిచ్చి, "శానా బాగుండాది నాయనా," అంది.

"యాడన్నా ఇబ్బంది అనిపించిందా అవ్వా?"

"ఇబ్బందేముండాదప్పా, నువ్వంత కష్టపడి చేసినాక."

మాస్టరు తన మోకాలి నొప్పికి చిన్నపిల్లల డాక్టరు దగ్గర టోకెను తీసుకుని, "మస్తుగుండాది బేటా," అన్నాడు. అత్త అయితే ఫోను పూర్తిగా చూడకుండానే "బంగారట్లా చేసినావు," అంది. నా కాగితం మీద 'లోపాలు' అని రాసి కింద గీత గీసిన చోటు తెల్లగా ఉండిపోయింది. భాయ్‌ను అడిగితే ఫ్యాను వంక చూస్తూ "బాగుంది భాయ్" అన్నాడు. మా వైపు మర్యాద అది. పెళ్ళిలో సాంబారు నోట్లో పెట్టుకోలేకపోయినా పెళ్ళివాళ్ళ ముఖం మీద చెప్పరు. బస్టాండుకు పోయాక చెప్పుకుంటారు. ఈ పనిలో మొదటి సూత్రమే, చూపించేది నువ్వు చేశావని చెప్పకూడదని. నేను మెట్లెక్కుతూనే, కాస్త గర్వంగా, అందరికీ చెప్పేశాను.

నా మొహం చూసి కుప్పం అమ్మాయికి జాలేసినట్టుంది. గొంతు సవరించుకుని, "అవ్వా, నిజం చెప్తా. ఇది అన్న చేసినాది కాదు. బెంగళూరులో ఎవుడో చేసినాడు. దీంట్లో తప్పులు కనిపెట్టేదే అన్న పని. దొరకలేదనుకో, అన్నను ఈడ్నించి బెంగళూరుకు లాక్కొనిపోతారు," అంది.

అత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "నువ్వు చేసినాది కాదా?" అని అడిగింది.

"కాదత్తా," అన్నాను, నేను కూడా ఫ్యాను వంక చూస్తూ.

అత్త కాసేపు నా మొహంలోకి చూసి, కళ్ళజోడు పెట్టుకుని చెయ్యి చాపింది. "అట్లయితే ఇట్లియ్యి. ఏందిది, ప్రతిదానికీ ఒకటి, రెండు, మూడని నంబర్లేసినాడు? నడుము నొప్పని చెప్పేదానికి ఇన్ని మెట్లెక్కాల్నా? నొప్పుండేవాడు మెట్లెక్కతాడా?"

అంతే, గట్టు తెగింది. "ఈ అచ్చరాలు సూడు బేటా, నేను సూదిలో దారమెక్కిస్తా గానీ వీటిని సదవలేను," అన్నాడు మాస్టరు. అవ్వ మాట్లాడబోతుంటే, పెద్దావిడ కదా అని మైకు తెచ్చి ఆమె ముందు పెట్టి మీట నొక్కాడు. "వయసు రాయమంటాడు. నా వయసు నాకే తెలీదు. తెలిసినా వానికి యాల చెప్పాల? ఈ బెంగళూరోడు ఆసుపత్రి మొగం సూసినోడు కాదు. రోగమొచ్చినోడు ఫోను పట్టుకొని ఇంత సేపు కూసోగలిగితే ఇంగ ఆసుపత్రికి యాల పోతాడు?" ఆ మాటలు బూరలోంచి బజారు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడ్డాయి. కింద ఎవరో నవ్వారు. ఎదురుగా ఉన్న మందుల షాపాయన మెట్లెక్కి వచ్చి, "ఏదప్పా ఆ ఆప్పు, నేనూ సూస్తా," అన్నాడు. ఆయన వెనక పూలమ్మే ఆమె, ఆమె వెనక ఇంకెవరో. నా కాగితం నిండిపోతే మాస్టరు ఒక అట్ట ముక్క ఇచ్చాడు. అదీ నిండింది. ఒక్కో లోపం రాస్తుంటే చేతికి సంతోషం, కానీ ఆ తెరలు గీసిందీ ఆ చెయ్యే. ఒకసారి ఉండబట్టలేక, "వాడు కూడా ఆలోచించే పెట్టుంటాడేమో అవ్వా," అన్నాను.

"వాన్ని ఎనకేసుకొని రావద్దు నాయనా," అంది అవ్వ, మైకులో.

కుప్పం అమ్మాయి నవ్వాపుకోలేక మూలనున్న పాత కుట్టుమిషను వెనక్కి పోయి కూర్చుంది. అత్త చిన్న డబ్బా నా వైపు జరిపి, "నువ్వు తిను," అంది.

మేడం నేను పంపినదంతా చదివి, "మీ ఊరివాళ్ళకు ఇంత మొహమాటం లేదా?" అని అడిగింది. "చాలా ఉంది మేడం," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు గానీ, నన్ను అక్కడే ఉండమంది. నేను నంబర్లు తీసేసి, అక్షరాలు పెంచి, తెరలన్నీ మళ్ళీ గీశాను. మార్చినవి నావని చెప్పి చూపిస్తే మళ్ళీ "శానా బాగుండాది"! ఇక లాభం లేదని ఆ తర్వాత ఏం గీసినా బెంగళూరోడి పేరే పెట్టాం. మదనపల్లెలో కలిసినా, కుప్పంలో కలిసినా వాడు మా కలయికలో ఒక మనిషైపోయాడు. అవ్వ వచ్చీ రాగానే "వాడింగా బాగుపడల్యా?" అని విచారించేది. ఒకసారి అత్త, "వానికి పెండ్లయిందా?" అని అడిగింది. ఇంకా కాలేదన్నాను. "ఎట్లయితాది, ఇట్లాంటివి చేస్తాంటే," అంది అత్త నిట్టూరుస్తూ.

అలా చాలా నెలలు గడిచాక, మళ్ళీ పుంగనూరులో కలిసిన రోజున, అవ్వ మంచి ఊపులో ఉండగా అత్త అడ్డం పడింది. "సాల్లే పెద్దమ్మా. వానికీ ఒక అమ్మ ఉంటాది. ముందుటికంటే ఇప్పుడు మేలే." పోయేటప్పుడు నా చేతిలో ఒక చిన్న డబ్బా పెట్టి, "ఇవి ఆ బెంగళూరోడికి పంపియ్యి. ఆడ నిప్పట్లు దొరుకుతాయో లేదో," అంది. (బెంగళూరులో నిప్పట్లు ఏ అంగట్లో అయినా దొరుకుతాయి. ఆ సంగతి అత్తకు బాగా తెలుసు.)

మదనపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎక్కడా లేనివాడికి పంపేదెట్లా అని డబ్బా మూత తీశాను. ఒకటి కొరికాను. పలుకు తగల్లేదు. రెండోది విరిచి చూశాను. మూడోదాన్ని వెలుతురుకు పట్టి చూశాను. ఒక్కదాంట్లోనూ వేరుశనగ పలుకు లేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని అత్తకు ఫోన్ చేశాను.

"వానికి చేరినాయా?" అంది అత్త, నేను నోరు తెరవకముందే.

"చేరినాయత్తా."

"ఎట్లుండాయంట?"

"శానా బాగుండాయంట."

"అట్ల ఊరికే అంటే నాకేం తెలుస్తాది? ఉన్నదున్నట్టు చెప్పమను."

ఇంకొకటి కొరికి, నిదానంగా నమిలాను. "ఉప్పు కొంచెం ఎక్కువైందంట అత్తా."

"ఆఁ, అట్ల చెప్పాల," అంది అత్త. ఆమె నవ్వుతోందని గొంతులోనే తెలుస్తోంది. "తిన్నంక డబ్బా కడిగిమ్మను. పోయిన తూరిది గూడా ఇంగా వాని కాడే ఉండాది."

పోయినసారి డబ్బా ఇచ్చింది నాకు. ఆ రెండు డబ్బాలూ ఇప్పటికీ మా వంటింటి అరలోనే ఉన్నాయి. 'అత్త డబ్బాలు ఇచ్చేయాలి' అని అప్పటినుంచీ రోజూ జాబితాలో రాసుకుంటున్నాను. అదొక్కటి మాత్రం కొట్టేయబుద్ధి కావడం లేదు.