గోపాల్‌పూర్ రాయి చేయని తప్పు

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. అన్నం తింటున్నాను, నవ్వుతున్నాను, పండగలు చేస్తున్నాను. అది మాత్రం కదలదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాత ఎందుకు?

నవ్వొచ్చే విషయమే. నవ్వండి, నేనూ నవ్వుతూనే రాస్తున్నాను. నవ్వొచ్చినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోతుందా? అది మాత్రం నాకు తెలియదు.

ఎనభైల చివర్లో పెళ్లయి, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చాను. వచ్చేసరికే ముందుగదిలో నాకో సవతి కూర్చుని ఉంది. గోడ పొడుగునా గాజుతొట్టి. మా ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీ దిగి వచ్చి నా మొహం కంటే ముందు దాని మొహం చూసేవారు. అందరిళ్లలో ఉండే చేపలతొట్టి కాదది, సముద్రపు తొట్టి. దీఘా వెళ్లి క్యాన్లతో ఉప్పునీళ్లు పట్టుకుని బస్సులో తెచ్చేవారు. కండక్టరు ప్రతిసారీ మూత తీసి వాసన చూసి, కల్లు కాదని తెలిసి నిరాశపడేవాడట.

ఆ తొట్టిలో భీమిలి నుంచి తెచ్చిన ఒక రాయి. దాని నిండా పచ్చటి గుండీల్లాంటి పువ్వులు. మొక్కకు పూసేవి కావు, ప్రాణమున్న జీవాలు. ట్యూబులైటు వేస్తే విచ్చుకునేవి, ఆర్పితే ముడుచుకునేవి. నెల తిరక్కుండానే నేనూ ఆ సవతితో ప్రేమలో పడ్డాను.

ఆ తొట్టికి ఇంకో భక్తుడు ఉండేవారు, బిమల్ దా, అంటే బిమల్ అన్నయ్య. ఖరగ్‌పూర్‌లోనే ఇందా పేటలో ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేవారు. తెలుగు అర్థమయ్యేది, మాట మాత్రం ఎక్కువగా బెంగాలీయే. ప్రతి సాయంత్రం సైకిలేసుకుని వచ్చేవారు. తొట్టి ముందు రెండు స్టూళ్లు, వాటి మీద ఇద్దరు మగాళ్లు. టీలు నావి, కబుర్లు వాళ్లవి. చేప తుమ్మినా చర్చే.

ఒకరోజు భీమిలి రాయి పక్కన గోధుమరంగు గాజులాంటి పువ్వులు రెండు మూడు కనిపించాయి. సన్నటి వేళ్లు ఆడిస్తూ ఎంత ముచ్చటగా ఉన్నాయో! కాణీ ఖర్చు లేకుండా పూలొచ్చాయని నేను మురిసిపోయాను. బిమల్ దా మొహం మాత్రం వాడిపోయింది. అది కలుపు అన్నారు. ఆ వేళ్లలో విషం ఉంటుందట, పక్కనున్న గుండీపువ్వులను కుట్టి కుట్టి చంపుతుందట. మా ఆయన మర్నాడే లైను మీదకు వెళ్లాలి. అందుకని బిమల్ దా నావైపు తిరిగి హెచ్చరించారు.

"బౌది, ఓగులో ఛిడ్‌బేన్ నా."

వదినా, వాటిని తుంచకండి అని. ఎందుకంటే ఆ జీవిని తుంచితే ప్రతి ముక్కా మళ్లీ ఒక పువ్వవుతుంది, ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నా బెంగాలీ అంతా రిక్షావాళ్ల దగ్గరా కూరలవాళ్ల దగ్గరా ఏరుకున్నది. నాకు వినిపించింది "ఛాడ్‌బేన్ నా" అని. అంటే వదలకండి అని.

వదులుతానా? పుట్టింట్లో వరి కలుపు తీసిన చేతులివి. ఆయన బండెక్కగానే జాకెట్టు చేతులు పైకి మడిచి తొట్టిలో చెయ్యి పెట్టాను. ముట్టుకుంటే చాలు, అవి రాతి కన్నంలోకి దూరిపోయేవి. నేనా ఊరుకునేదాన్ని! తలపిన్నుతో గీకాను, గిల్లాను, పీకాను. ముక్కలు కొబ్బరికోరులా తొట్టంతా తేలాయి. పంపు వాటిని మూలమూలకూ పంచిపెట్టింది. చేతులు తుడుచుకుని, గొప్ప ఇల్లాలినని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆయన ఆశ్చర్యపోవాలని ఎవరికీ చెప్పలేదు. ఆయన తిరిగొచ్చి, కలుపు కనబడక, దానంతటదే పోయిందనుకున్నారు.

ఆ వారంలోనే బిమల్ దా ఒడిశాలో గోపాల్‌పూర్ సముద్రానికి వెళ్లి, అక్కడి నుంచి ఒక అందమైన రాయి కానుకగా తెచ్చి తన చేత్తోనే తొట్టిలో పెట్టారు.

తర్వాత ఏమైందో మీరు ఊహించే ఉంటారు. కొన్ని వారాలకు అద్దం మీద కలుపు, గొట్టం మీద కలుపు, పాపం తొట్టిలో తిరిగే నత్త వీపు మీద కూడా ఒకటి. పెళ్లికూతురిలా పువ్వు పెట్టుకుని తిరిగేది నత్త. పచ్చటి గుండీపువ్వులు మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోతున్నాయి. మా ఆయన తొట్టి ముందు నిలబడి నెత్తి కొట్టుకున్నారు.

"ఏటిది దాదా! ఇన్నెలా వొచ్చీసినాయి? నీ రాయే తెచ్చినాది. నువ్వు సూసుకోకుండా ఎట్టీసినావు!"

బిమల్ దా వంగి తన రాయిని చూసుకున్నారు. దాని మీదా రెండు పువ్వులున్నాయి. నేను చిమ్మిన ముక్కలే అక్కడ వాలి ఉంటాయి. ఆయనకు అది తెలియదు కదా. రాయిని బకెట్లో వేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నాకు నిజం తెలిసింది పెరట్లో. పక్క క్వార్టర్ దీదీ దండెం మీద చీర లాగి, చిరుగు చూపిస్తూ "ఛిడే గేఛే" అంది. చిరిగిపోయిందని. నా చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. ఛిడ్‌బేన్. చింపకండి, తుంచకండి. ఒక్క అచ్చు తేడా!

అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? మా ఆయన తిట్టే మనిషి కాదు. పల్లెటూరిదానికి భాష రాదని నవ్వుతారేమో అనుకున్నాను. ఆ కాస్త నవ్వుకు భయపడి ఒక మంచిమనిషి పేరు చెడగొట్టానా? అవును. కానీ అసలు కారణం అది కూడా కాదు, ఇక్కడిదాకా వచ్చాక మీ దగ్గర దాచి ఏం లాభం. బిమల్ దా రావడం మానేశాక ఆ రెండో స్టూలు నాదైంది. సాయంత్రాలు మా ఆయన ఆ చేపల సంగతులన్నీ నాకు చెప్పడం మొదలుపెట్టారు. నాకది బాగుంది. చాలా బాగుంది. అందుకే నోరు మెదపలేదు.

దసరా వచ్చింది. దుర్గమ్మను నీళ్లలో కలిపాక బెంగాలీలు కోపతాపాలు వదిలేసి ఒకరినొకరు కౌగిలించుకుంటారు. బిజోయా అంటారు. ఆ సాయంత్రం కొబ్బరిలడ్డూల డబ్బా పట్టుకుని బిమల్ దా మా గుమ్మంలో నిలబడ్డారు. మా ఆయన ఒక్క ఉదుటున లేచి కావలించుకున్నారు. ఇద్దరి కళ్లూ తడే. తర్వాత బిమల్ దా నావైపు తిరిగి తల వంచారు.

"బౌది, ఆమార్ పాథోర్, ఆమార్ దోష్. నా రాయి, నా దోషం. మాఫ్ చేయండి."

చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచాను కూడా.

"పర్లేదు దాదా, ఠీక్ హై. మనసులో ఎట్టుకోకండి," అన్నాను.

విన్నారా? నేను ఆయన్ని క్షమించాను! లడ్డూలు కూడా తిన్నాను. రుచిగా ఉన్నాయి.

ఆ చలికాలమంత సంబరం మా ఇంట్లో మళ్లీ లేదు. బిమల్ దా కిళ్లీ సున్నం ఉపాయం తెచ్చారు. సున్నాన్ని కాసిని నీళ్లతో ముద్దలా కలిపి, సిరంజీలోకి ఎక్కించి, పంపు ఆపి, కలుపు పువ్వు నోట్లో మెల్లిగా పెట్టాలి. మేత అనుకుని మింగి, అక్కడే కుంచించుకుపోయేది. ఒకేరోజు ఎక్కువ పెడితే నీళ్లు పాడై చేపలు పోతాయి, అందుకని పూటకు నాలుగైదే. ఒక్కోటి పడితే ఇద్దరూ క్రికెట్లో వికెట్ పడినట్టు కేకలు. సున్నం కలిపే ఉద్యోగం నాది. మూడో స్టూలు కొన్నాం. గోల్‌బజార్ కిళ్లీకొట్టువాడు మా ఆయన పళ్లు పరీక్షగా చూసి, ఇంత సున్నం తింటూ ఇంత తెల్లగా ఎలా ఉన్నాయని అడిగాడు. గుండీపువ్వులు మళ్లీ విచ్చుకున్నాయి, రాయంతా పచ్చగా పాకాయి. కలుపు పూర్తిగా పోలేదు, పోదు కూడా. సున్నానికి భయపడుతూ ఏ మూలో ఉంటుంది.

అంతా సుఖాంతమే కదా అంటారు. కాదు. ఆ తర్వాత బిమల్ దా మా తొట్టికి ఒక్క రాయి తేలేదు. ఏ సముద్రానికి వెళ్లినా వట్టి చేతులతోనే వచ్చేవారు. "నా చెయ్యి మంచిది కాదు బౌది," అని నవ్వేవారు. ఇప్పటికీ ప్రతి బిజోయాకీ కొత్తగా వచ్చినవాళ్లకు తన పాపపు రాయి కథ తనే అభినయించి చెబుతారు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. అందరికంటే గట్టిగా నేను నవ్వుతాను.

ఇప్పుడు చెప్పినా ఇద్దరూ నవ్వేస్తారని తెలుసు. ఆ నవ్వులో నేను సులువుగా బయటపడిపోతాను. మరి ఆ గుమ్మంలో వంచిన తల సంగతి? ఆయన తేకుండా ఆగిపోయిన రాళ్ల సంగతి? వాటికి ఏ బిజోయా సరిపోతుందో నాకు తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇది రాస్తుంటే మాత్రం, ఎన్నాళ్లకో, గుండె నిండా గాలి పీల్చుకోగలుగుతున్నాను.

గోపాల్‌పూర్ రాయి ఏ పాపమూ ఎరగదు. బిమల్ దా అసలే ఎరగరు. పీకింది నేను. తెలిశాక కూడా ఆయన చేత క్షమాపణ చెప్పించుకున్నది నేను.