గడ్డి కింద గిట్టలు

ఆ పొద్దున ఆర్లిస్ కొవారిక్ ఎద్దుల యార్డులోని నా క్యాంటీన్లో, నేను కాల్చిన చెర్రీ పై ముక్క ముట్టుకోలేదు. మొగుడు చచ్చిపోయిన వారంలో కూడా ప్లేటు ఖాళీ చేసి లేచిన మనిషి!

"ఏమే, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"కాఫీ పొయ్యి డార్లా. నోరు మూసుకుని పొయ్యి."

నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్ల స్నేహమైతే మాత్రం ఏమిటా మాట! కానీ పోస్తూ పోస్తూ ఆవిడ వేళ్లు చూశాను. ఎర్ర రంగు అంటుకుని ఉంది. ఎద్దుల మీద గీతలు గీసే రంగుకడ్డీది అది. ఎద్దుల్ని చూసేది పదింటికి. అప్పటికింకా ఏడు కాలేదు. అడుగుదామనుకున్నాను గానీ ఆ మొహం చూసి ఊరుకున్నాను.

మా నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో పదమూడు కుటుంబాల వాళ్లం కోడెల్ని అక్టోబరులో తెచ్చి ఈ యార్డులో వదులుతాం. అన్నిటికీ ఒకే మేత. మార్చి దాకా ఏది ఎంత ఒళ్లు చేసిందో తూచి బోర్డు మీద రాస్తారు. చివరిరోజు ఆర్లిస్ చూస్తుంది. పచ్చగీత పడితే విత్తనపు కోడెగా అమ్మకం, ఎర్ర ఇంటూ పడితే కసాయి లారీ. ఒకటే షరతు: ఇంటూ గీస్తే కారణం అందరి ముందూ, ఎద్దు యజమాని మొహం మీదే గట్టిగా చెప్పాలి. తన ఎద్దుల్ని మాత్రం తను చూసుకోకూడదు. వాటికి కాలేజీ నుంచి ప్రొఫెసరొకాయన వస్తాడు. ముందురోజు వచ్చి, ఆర్లిస్ కోడెలు మూడింటికీ పచ్చగీతలు గీసి, నా దగ్గర సూప్ తాగి వెళ్లాడు.

ఆర్లిస్‌కి ఈ చూపు మామగారి దగ్గర అబ్బింది. కొత్తకోడల్ని కంచె వెనక నిలబెట్టి, పైపలకలన్నీ మూసేసి, కింది సందులోంచి పశువుల కాళ్లు మాత్రమే చూడనిచ్చేవాడట ఆ ముసలాయన. ఆర్నెల్లు అలాగే. "పైనుంచి చూశావంటే ప్రేమలో పడిపోతావమ్మాయ్" అనేవాడట.

పడింది కూడా. పదేళ్ల కిందట, సెనేటర్ అనే ఎద్దుని చూసి. నేనూ ఉన్నాను ఆ సంతలో. అబ్బ, ఏం వెన్నండీ అది! కాఫీ కప్పు పెడితే తొణకదు. ఆ రోజు మంచు పడుతోందని బరిలో మోకాటిలోతు ఎండుగడ్డి పరిచారు. గిట్టలు ఎవరికీ కనపడలేదు. "కాళ్లు చూడవా?" అని నేనడిగితే, "ఆ ఒళ్లు చూడవే ముందు" అంది. కొనేసింది.

సెనేటర్ అయిదో ఏట వెనక్కాలు పడిపోయి చచ్చింది. మంచు మీద జారిందన్నారు. అందరం నమ్మాం. అప్పటికే దాని కూతుళ్లు మూడు కౌంటీల్లో పాకిపోయాయి. నా మందలోనే ముప్పై ఒకటి, నా మొత్తం ఆవుల్లో మంచివవే. గేలన్ ఉల్రిచ్ అయితే మందంతా వాటితోనే కట్టాడు.

గేలన్ది ఆర్లిస్ పక్కనే ఉన్న పశువుల రాంచ్. తల్లి లేని పిల్లాడని ఆర్లిస్ కొట్టంలోనే పెరిగాడు. "అత్తా" తప్ప ఇంకో పిలుపు లేదు. నిరుడు మార్చి తుపానులో అరవై దూడలు పోగొట్టుకుని, ఈసారి ఒక్క కోడెని తెచ్చాడు. నలభై ఒకటో నంబరు, సెనేటర్ మనవడు. బోర్డు మీద తూకంలో మొదటి పేరు దానిదే. దానికి పచ్చగీత పడితే వచ్చే ధరతో వాడి మంద నిలబడుతుంది. పడకపోతే భూమి కౌలుకిచ్చేసి ఒమాహా పట్నంలో ట్రక్కు తోలుకుంటానని వాడే నాతో అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వు నాకేం నచ్చలేదు.

పదింటికల్లా ఎండ కాసి, రాత్రి కురిసిన మంచు కరిగిపోయింది. యార్డు మధ్య దారంతా తడిఇసుక. ఆర్లిస్ చేసేది ఒక్కటే. ఎద్దుని ఆ ఇసుక మీద నడిపిస్తుంది, వంగి అచ్చులు చూస్తుంది. ముందుగిట్ట లేచిన చోట వెనకగిట్ట పడాలి. పడిందా, ఆ ఎద్దు పదేళ్లు ఈ దిబ్బలెక్కి ఆవుల వెంట తిరుగుతుంది. వెనక్కాలు గుంజలా నిటారుగా ఉంటే అడుగు సాగదు, కీలు అరిగిపోతుంది. కూతుళ్లకీ అదే కాలొస్తుంది.

నలభై ఎద్దులు గంటన్నరలో అయిపోయాయి. నలభై ఒకటి వచ్చింది. నల్లగా నిగనిగలాడుతూ, గోడ కదిలొచ్చినట్టు. "ఓరి నాయనో" అన్నాడెవడో వెనక.

నడిచింది. ఆర్లిస్ వంగింది. చాలాసేపు లేవలేదు.

"మళ్లీ నడిపించు."

గేలన్ మొహంలో నవ్వు ఆగిపోయింది. "చలికి బిగుసుకుంది అత్తా. కాస్త తిరిగితే సర్దుకుంటుంది."

"తిప్పు. తిప్పి మళ్లీ తీసుకురా."

తిప్పాడు. తెచ్చాడు. ఈసారి నేనూ క్యాంటీన్ వదిలేసి కంచె దగ్గరికి పోయాను. ఆర్లిస్ ఆ అచ్చుల మధ్య చెయ్యి ఆనించింది. వెనకగిట్ట నాలుగువేళ్లు ఇవతలే పడింది. నాకు గేలన్ కనపడలేదండీ ఆ క్షణాన, నా ముప్పై ఒక్క ఆవులు కనపడ్డాయి. 'ఒసే ఆర్లిస్, కారణం చెప్పాలే నువ్వు! ఈ కాలు ఎక్కణ్ణించి వచ్చిందో అడుగుతారే!' అనుకున్నాను. పచ్చగీత గీసేస్తే పోయేదేముంది, ఇంకో నాలుగేళ్ల దాకా ఎవడికి తెలుస్తుందనీ అనుకున్నాను. సిగ్గులేకుండా అనుకున్నాను.

"ఇంకోసారి" అంది ఆర్లిస్.

మూడోసారీ నాలుగువేళ్లే.

ఆర్లిస్ ఎర్ర రంగుకడ్డీ తీసి ఆ నల్లటి తొంటి మీద ఇంటూ గీసింది. ఒక గీత సరిగ్గా పడక మళ్లీ దిద్దింది.

"వెనక్కాళ్లు నిటారు" అంది గట్టిగా. "అడుగు నాలుగువేళ్లు తక్కువ. ఈ కాలు సెనేటర్‌ది. సెనేటర్ మంచు మీద జారి పడలేదు. దాని కాలే అంత. ఎండుగడ్డిలో నిలబెట్టి అమ్ముతుంటే, కాళ్లు చూడకుండా కొన్నాను. మీ అందరి మందల్లోకీ తోలాను. తప్పు నాది."



గేలన్ కంచె కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, చెవులు ఎర్రబడిపోయి. "బాగుందండీ కొవారిక్ గారూ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి వాడలా పిలవడం అదే మొదలు. "నా ఎద్దు లారీ ఎక్కుతుంది. మరి మీవో? అదే సెనేటర్ రక్తం. నిన్న మోకాటిలోతు గడ్డిలో నిలబడి పచ్చగీతలు కొట్టించుకున్నాయిగా? వాటినెవరు నడిపిస్తారు?"

నిజమే. ముందురోజు తుపాను గాలికి ఆ దొడ్లన్నిటా గడ్డి దట్టంగా పరిచారు. ప్రొఫెసర్ చూసింది ఒళ్లే.

"వెళ్లి చూడు" అంది ఆర్లిస్.

వాడు విసవిసా వెళ్లాడు. వెనకే మేమూ. దొడ్లో ఆ మూడు కోడెలూ మేస్తున్నాయి. మూడింటి తొంటి మీదా పచ్చగీతని కొట్టేస్తూ ఎర్ర ఇంటూలు, రంగు అప్పటికే ఆరిపోయి. గడ్డంతా ఒక మూలకి లాగేసి ఉంది. నేల మీద అచ్చులు, మంచు కరిగి అంచులు విరిగిపోయినా అడుగు తక్కువని తెలుస్తూనే ఉంది. అరవై ఎనిమిదేళ్ల ముసల్ది, ఒక్కతే, తెల్లారకముందే ఆ గడ్డంతా లాగింది. నాకు ఏడుపొచ్చేసింది. ఆగకుండా తిట్టాను కూడా, "నన్ను పిలిస్తే నీ సొమ్మేం పోయిందే!" అని.

గేలన్ ఆ అచ్చుల దగ్గర కూర్చుని చేత్తో కొలిచాడు. ఒకదాన్ని, పక్కదాన్ని, మళ్లీ మొదటిదాన్ని. లేచి ప్యాంటుకి ఇసుక దులుపుకున్నాడు.

లారీ ఒంటిగంటకొచ్చింది. ముందు ఆర్లిస్ కోడెలెక్కాయి. గేటు తీసింది ఆవిడే. తర్వాత నలభై ఒకటిని గేలన్ తోలాడు. అది లారీకి ఆనించిన బల్ల ఎక్కలేక వెనక్కాళ్లు తడబడి ఆగిపోతే, ఆర్లిస్ అవతలి పక్కన భుజం ఆనించింది. ఇద్దరూ కలిసి నెట్టారు.

లారీ పోయాక వాడు టోపీ తీసి, నేల చూస్తూ అన్నాడు: "నా దగ్గర ఇంకా నూటపది ఆవులున్నాయి. ఏవి ఉంచుకోవాలో నాకు తెలీదు."

"నేను చూస్తాను. రానిస్తే."

"రేపు ఏడింటికి రండి. దారంతా నీళ్లు కొట్టి ఉంచుతాను. గడ్డిపోచ కూడా ఉండదు."

వెళ్లిపోయాడు. అత్తా అనలేదు.

ఆర్లిస్ క్యాంటీన్లోకొచ్చి పొద్దుటి కుర్చీలోనే కూలబడింది. చెర్రీ పై ముక్క ఇంకా అక్కడే ఉంది. నేను ఫోర్కు చేతికిచ్చాను.

"మరి నావెప్పుడు చూస్తావ్?" అన్నాను.

"ఎల్లుండి" అంది. ఫోర్కుతో ఒక తుంపు తుంచింది. "డార్లా, నీవి ముప్పై ఒకటి కదూ?"