వివరాలకు ఎదురు షెడ్డు

మా మేనత్త మార్కెట్టు మరుగుదొడ్డి చూసుకుంటుంది. బండలు అద్దంలా తోముతుంది. బురదకాళ్లతో అడుగుపెడితే ఎంతటివాళ్లనైనా గుమ్మంలోనే కడిగేస్తుంది. బకెట్లు నింపడం నా పని.

అలాంటి చోటికి రావడానికి జనం జంకడం మొదలుపెట్టారు. అక్కడ సుఖవ్యాధి అంటుకుంటుందని పుకారు. ఇలాగే ఉంటే తాళం వేసేస్తామని మార్కెట్టు పెద్దలు చెప్పి వెళ్లారు. అత్తకు అన్నం సయించలేదు.

ఓ ఉదయం ఆ పుకారు తన కాళ్ల మీద తానే నడిచొచ్చింది. ఎదురు షెడ్డులో స్కూటర్లు బాగుచేసే మెకానిక్ భార్య.

“మా ఆయనకి ఒంటికెళ్తే మంట, చీము! నీ దొడ్లోనే అంటించుకున్నాడట!”

“ఎవరూ, ఆ మెకానికా?” అత్త చీపురు కింద పడేసింది. “నా తల్లే, అతనెప్పుడైనా లోపలికొస్తే కదా! మా పక్క గోడ తడపందే అతనికి తెల్లారదు. జబ్బొస్తే ఆ గోడకి రావాలి!”

నాకు నవ్వు ఆగక బకెట్టులోకి వంగాను. అంతలో లోపలినుంచి ఆసుపత్రి నర్సు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“గోడకీ రాదు, బండకీ రాదమ్మా. పడకలో మనిషి నుంచి మనిషికొస్తుంది. పైకేం కనబడకపోయినా నీకూ ఉండొచ్చు. ఇద్దరూ చూపించుకోండి.”

మెకానిక్ భార్య ముఖంలో కోపం దిగి భయం ఎక్కింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిపించింది. దారిలో మెకానిక్‌నీ లాక్కెళ్లింది. అతను నేల చూపులు చూస్తూ బయటి తిరుగుడు ఒప్పుకున్నాడు. పరీక్షలో ఆమెకూ ఉందని తేలింది.

“ఇద్దరూ మందు పూర్తిగా వాడాలి. డాక్టరు సరేననేదాకా దూరంగా ఉండండి,” అంది నర్సు. “కండోమ్ వాడుంటే ఇంతదాకా వచ్చేదా?”

“దూరమంటే ఎంతండీ?” అన్నాడతను.

“షెడ్డంత!” అంది భార్య.

అత్త కూడా అతన్ని వదల్లేదు. “పుకారు నీది. నువ్వే కడుగు.”

మర్నాడతను ఆ గోడకు సున్నం కొట్టి, బండి నంబర్లు రాసే రంగుతో పెద్దక్షరాల్లో రాశాడు: ‘సుఖవ్యాధి మరుగుదొడ్డి వల్ల రాదు. కండోమ్ వాడండి.’ బోర్డులు రాసే అలవాటున కింద ఇంకో ముక్క చేర్చాడు: ‘వివరాలకు ఎదురు షెడ్డు.’

జనం పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి ఆపుకోలేక మా దొడ్లోకే పరిగెత్తుకొచ్చారు. తాళం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు కుర్రాళ్లు పంచరు వంకతో షెడ్డు దగ్గర తచ్చాడుతుంటారు. మెకానిక్ చెవులు ఎర్రబడతాయి. అయినా పనిముట్ల పెట్టెలోంచి నర్సు ఇచ్చిన కండోమ్ ప్యాకెట్టు తీసిచ్చి, ఆసుపత్రి దారి చూపిస్తాడు.

గోడ పొడిగా ఉంది.