బంకు కాడికొచ్చేసిన మేనమామ

ఇమ్మానుయేలన్న ఫోనులో ఎప్పుడూ ఉన్నచోట ఉండడు. ఇంట్లో తువాలు చుట్టుకొని నీళ్లు పోసుకోడానికి పోతూ "గేటు కాడుండా" అంటాడు. నంద్యాల దాటకముందే "ఊర్లోకి వచ్చేసినా" అంటాడు. ఇది ఆయనొక్కడి రోగం కాదు, మా వైపంతా ఉన్నదే. "వచ్చేసినా" అంటే ఇప్పుడే బయలుదేరాడనీ, "బయలుదేరినా" అంటే ఇంకా చొక్కా వెతుక్కుంటున్నాడనీ వినేవాళ్లే లెక్క సరిచేసుకుంటారు. ఎవరికీ నష్టం లేని అబద్ధం కదా అని అందరం నవ్వుకునేవాళ్లం. అక్షయ పెండ్లి తర్వాత నాకు ఆ మాట వింటే నవ్వు రావడం లేదు.

ఇమ్మానుయేలన్నది నంద్యాలలో మా పక్కిల్లు. బియ్యం మిల్లులో మోటార్లు, బెల్టులు చూసే పని. మా ఇంటి మిక్సీ, చర్చి మైకు, ఎదురింటామె కుట్టుమిషను అన్నీ ఆయన చేతిలో పడి లేచి తిరిగినవే. మంచి చెయ్యి, దాన్ని మించిన మొండితనం. తన పాత మోటారుసైకిలును ఇంకొకరు ముట్టుకుంటే సహించడు. ఒకసారి వానలో బండి ఆగిపోతే, పక్కనే మెకానిక్కు షెడ్డు ఉన్నా లోపలికి పోకుండా, దాని చూరు కింద నిలబడి తానే విప్పుకున్నాడు. మొండోడు రాజుకంటే బలవంతుడంటారు. ఏ రాజ్యం కోసమో ఆ మొండోడికి తెలియాలి కదా.

ఆయన చెల్లెలు ప్రేమకుమారి ఆళ్లగడ్డలో చిన్న బడిలో టీచరు. ఆమె కూతురే అక్షయ. ఆ పిల్ల నడక నేర్చేనాటికే తండ్రి పోయాడు. బడిలో చేర్పించిందీ, సైకిలు నేర్పిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకొని డాక్టరు దగ్గరికి పరిగెత్తిందీ మేనమామే. అక్షయ నర్సు చదివి, తనతో పనిచేసే ప్యాపిలి పిల్లవాడు ఫ్రాన్సిస్‌ను చేసుకుంటానంది. ఇమ్మానుయేలన్న మనసులో తన భార్య తరఫు పిల్లవాడొకడు ఉండేవాడు. అందుకని కొన్ని నెలలు ముఖం గంటు పెట్టుకొని తిరిగాడు, చెల్లెలు ఫోను చేస్తే ముక్తసరిగా మాట్లాడాడు. చివరికి ఫ్రాన్సిస్‌ను చూశాక మెత్తబడ్డాడు. ప్రధానం రోజు అందరి ముందూ అక్షయ తలమీద చెయ్యి పెట్టి అన్నాడు.

"నాయన లేడని బెంగపడొద్దు అమ్మీ. చర్చిలోకి నీ చెయ్యి పట్టుకోని నేనే తీసకపోతా."

మా పెండ్లిళ్లలో పెండ్లికూతురిని చర్చి వాకిలి నుంచి, పెండ్లి జరిపించే పాస్టరు అయ్యగారి ముందుకు నడిపించుకుపోయేది తండ్రి. తండ్రి లేకపోతే మేనమామ. అక్షయ ఆ రోజు ఆయన భుజానికి ముఖం ఆనించి ఏడ్చింది. ఆయన కళ్లూ తడిశాయి, కారం మెతుకు తగిలిందని కండువాతో తుడుచుకున్నాడు.

పెండ్లికి ఆయన భార్యాపిల్లలు ముందురోజే ఆళ్లగడ్డ పోయారు. నేనూ నా భార్యా పొద్దున బస్సెక్కాం. ఇమ్మానుయేలన్న మాత్రం ఆగిపోయాడు. పెండ్లికూతురు చేతికి తెల్లగులాబీల బొకే తనే తెస్తానని మాటిచ్చాడు. పూలంగడివాడేమో పూలు వాడిపోతాయి, పొద్దున్నే వచ్చి తీసుకోమన్నాడు. ఆ పొద్దున్నే కాస్తా బాగా పొద్దెక్కింది. బొకే హ్యాండిలుకు కట్టుకొని, కొత్త చొక్కా నలగకుండా నిక్కి కూర్చొని బయలుదేరాడు.

దారిలో జరిగిందంతా తర్వాత ఆయన నోట విన్నదే. శిరివెళ్ల దాటి కొంచెం దూరం వచ్చేసరికి బండి గొంతు పట్టుకుపోయింది. ఎక్సిలేటరు తిప్పితే బావి మీద గిలక తిరిగినట్టు ఊరికే తిరిగింది. వైరు తెగిపోయింది. రెండు పక్కలా నల్లరేగడి చేలు, నీడకు ఒక కంపచెట్టు. బండి స్టాండు వేస్తుండగా ఫోను మోగింది. ప్రేమకుమారి.

"అన్నా, యాడుండావు? అయ్యగారు వచ్చినాడు."

"వచ్చేసినా మ్మా. ఊరి మొదట్లో పెట్రోలు బంకు కాడుండా."

నోటికి అలవాటైన మాట, ఆలోచించేలోపే బయటికొచ్చేసింది. ఆ బంకు నుంచి చర్చికి కూతవేటు దూరం. ఆయన నిలబడిన చోటి నుంచి బంకుకేమో ఇంకా బోలెడు రోడ్డుంది.

ఇంతలో ఆళ్లగడ్డకు పోయే ఆటో ఒకటి పక్కన ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "పెండ్లికా అప్పా? బండి ఆ కొట్టం కాడ పెట్టి ఎక్కు, దించుతా" అన్నాడు.

"వద్దులేప్పా. చిటికెలో అయిపోతాది."

ఎక్కి ఉంటే ఈ కథే లేదు. మిల్లులో అంతంత మోటార్లు తిప్పే మనిషి, ఇంత సన్నని వైరుకు ఓడిపోయి పూలు పట్టుకొని ఆటోలో దిగడమా అనుకున్నాడు. ఇప్పుడు ఆ మాట తలుచుకొని తనను తానే తిట్టుకుంటాడు.

తెగిన వైరు కొసను కార్బురేటరు వైపు నుంచి బయటికి లాగి, స్పానరుకు చుట్టి, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకొని ఇంకో చేత్తో లాగుతూ కొంతదూరం నడిపాడు. గుంతలో పడ్డ కుదుపుకు వైరు మళ్లీ తెగింది, ఈసారి అందకుండా. అప్పుడు కార్బురేటరు పక్కనున్న స్క్రూను బిగించి, ఇంజను తనంతట తాను గట్టిగా తిరిగేట్టు చేసి, రెండో గేరులో వేసుకొని కదిలాడు. ఎద్దులబండి కంటే కొంచెం నయం. చిన్న ఎత్తు వస్తే ఆగిపోతుంది, దిగి తోసి మళ్లీ ఎక్కాలి. ఫోను మళ్లీ మోగితే "ఈడనే మ్మా, బంకు కాడనే" అన్నాడు. ఆ తర్వాత మోగిన ఫోన్లు ఎత్తలేదు. బండి ఆగితే మళ్లీ అంటుకుంటుందో లేదోనని భయం. అంతకంటే పెద్ద భయం, ఎత్తితే ఇప్పుడైనా నిజం చెప్పాలి.

ఇక్కడ చర్చి దగ్గర మా సంగతి వేరుగా ఉంది. అక్షయ ముసుగు వేసుకొని గేటు దగ్గర కారులో కూర్చుంది. అయ్యగారికి మధ్యాహ్నం బండి ఆత్మకూరు అనే ఊళ్లో ఇంకో పెండ్లి ఉంది, మాటిమాటికీ బయటికొచ్చి రోడ్డు చూస్తున్నాడు. అందరినోటా ఒకటే మాట, "బంకు కాడుండాడంట." మొదట అందరికీ ధైర్యంగా ఉండింది. కాసేపటికి చర్చి పెద్ద కరుణాకర్ గొంతు తగ్గించి అన్నాడు.

"బంకు కాడికొచ్చినోడు ఈడికి రాకుండా ఆడేం చేస్తాండాడు? అలిగినాడప్పా."

ఎవరూ కాదనలేదు. మా వైపు పెండ్లిలో మేనమామ అలగడం కూడా ఒక తంతే. మర్యాద తగ్గిందనో, ముందు తనను అడగలేదనో ఊరి మొదట్లోనే ఆగిపోతాడు. పెద్దమనుషులు ఎదురుపోయి, గడ్డం పట్టుకొని బతిమాలితే అప్పుడు కదులుతాడు. ఏ మతంలో కలిసినా ఈ అలక మాత్రం మమ్మల్ని వదల్లేదు. అందులోనూ ఈ సంబంధం ఆయనకు మొదట ఇష్టం లేదని అందరికీ తెలుసు. పక్కింటివాణ్ణి నేను, ఆయన అలిగే రకం కాదని తెలిసినవాణ్ణి. నాకూ అనుమానం వచ్చింది.

కరుణాకర్, ఇంకో పెద్దాయన, నేను రెండు బండ్లమీద బంకు దగ్గరికి పోయాం. బంకులో ఆయన లేడు. చెట్టు కింద చూశాం, టీ అంగట్లో చూశాం. పూలు పట్టుకున్న మనిషి ఎవరూ ఇక్కడ ఆగలేదని పెట్రోలు పోసే ఆమె చెప్పింది. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

"మనం వచ్చేది చూసి ఎనిక్కి పోయినట్టుండాడు" అన్నాడు కరుణాకర్.

ఇంకొంచెం ముందుకు పోయి చూద్దామని నేననలేదు. పెండ్లి ఆగి ఉంది, వెనక్కి తిరిగాం. ప్రేమకుమారి మమ్మల్ని చూడగానే వెనకాల ఆయన బండి ఉందేమోనని తొంగి చూసింది. కరుణాకర్ తల అడ్డంగా ఊపాడు. ఆ మాట కారులోకి ఎవరు మోశారో తెలియదు, అక్షయ తలుపు తీసుకొని దిగింది. ముఖంలో ఏడుపు లేదు, అదే నాకు కష్టంగా తోచింది. తల్లి చెయ్యి పట్టుకుంది.

"రా మ్మా. మనమే పోదాం."

మొగుడు పోయిన మనిషి ముందు నడవొచ్చా అని వెనకనుంచి ఎవరో గొణిగారు. అక్షయ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే గొణుగుడు ఆగిపోయింది. తల్లీకూతుళ్లు పాట మధ్యలో లోపలికి నడిచారు.

ఉంగరాలు మార్చుకోవడం అయిపోయి, అయ్యగారు ఆశీర్వాదం చెబుతుండగా బయట బండి రొద వినిపించింది. ఇమ్మానుయేలన్న వాకిట్లో చెప్పుల మధ్య నిలబడ్డాడు. కొత్త చొక్కా నిండా నల్లటి మరకలు, చేతిలో వాడిన బొకే. అక్షయ వీపు మాత్రమే కనిపిస్తోంది. ఒక అడుగు లోపలికి వేసి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. జనం తలలు తిప్పి ఆయన్ని చూశారు, ఆయన ఎవరినీ చూడలేదు. ఆ మనిషిని అంత చిన్నగా నేనెన్నడూ చూడలేదు.

భోజనాల దగ్గర అందరికీ సంగతి తెలిసింది. కరుణాకర్ వచ్చి, తప్పుగా అనుకున్నానని చేతులు పట్టుకున్నాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అంటే ఆయనకు కొంచెం తేలికయ్యేదేమో. చివరికి తెగిన వైరు ముక్క జేబులోంచి తీసి, షామియానా కింద కూర్చున్న అక్షయ ముందుకు పోయాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

"ఇది తెగింది అమ్మీ. నేను అలగల్యా. ప్రమాణంగా అలగల్యా."

"తెలిసింది మామా."

"నేను అలిగినానని నువ్వు కూడా నమ్మినావా?"

అక్షయ ఆ వైరు ముక్కను చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అంది.

"బంకు కాడుండానంటివి. మనుషుల్ని పంపితిమి. నువ్వు ఆడ ల్యాకపోతివి. ఇంకేం అనుకోవాల మామా? శిరివెళ్ల కాడుండా, వైరు తెగింది అని ఒక్క మాట చెప్పింటే, ఈ కారే పంపిస్తాంటి గదా. అయ్యగారి కాళ్లు పట్టుకోనైనా ఆపుతాంటి."

ఆయన తల దించుకున్నాడు. కోపంగా అడిగి ఉంటే ఏదైనా సర్దిచెప్పుకునేవాడు. ఆ పిల్ల గొంతులో కోపం లేదు.

"నాయన సచ్చిపోయినాడు, రాల్యాకపోయినాడు. మామ బతికుండి కూడా రాల్యా. వాకిలి కాడ్నుంచి ముందర దాకా అదే అనుకుంటా నడిచినా మామా. నిజం ఇప్పుడు తెలిసింది, కానీ నేను నడిచేసినా గదా."