పసుప్పచ్చ నెత్తురు

నేను ఎమ్మిగనూరులో బడిపిల్లలకు లెక్కలు చెప్పే పంతులమ్మను. పెళ్లి కాలేదు. ఇంత వయసొచ్చినా పొద్దున్నే నా జడ వేసేది అమ్మే. అరుగు మీద ఆమె, కింద మెట్టు మీద నేను. చిక్కు తీస్తూ ఊళ్లోవాళ్ల గుట్టంతా నా చెవిలో వేసేది. కదిలితే దువ్వెనతో నెత్తిన ఒకటిచ్చేది. ముసలిదానివయినావు, ఇంకా జడేయించుకుంటావా అని తమ్ముడు ఎగతాళి చేసేవాడు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంట్లో ఉన్నది ముగ్గురమే.

ఆ తమ్ముడు డెంగీ జ్వరంతో కర్నూలులో పోయాడు. ప్లేట్‌లెట్లు అనే మాట మా ఇంట్లోకి అప్పుడే వచ్చింది. అక్షరం ముక్క రాని అమ్మ కూడా ఆస్పత్రిలో కనబడిన ప్రతి నర్సునూ ఎన్నికొచ్చినాయమ్మా అని అడిగేది. బొప్పాయి ఆకు రసం పోస్తే పెరుగుతాయన్నారు, పోసింది. ఉరుకుంద ఈరన్నకు తలనీలాలు మొక్కుకుంది. ఏదీ పని చేయలేదు.

వాడు పోయిన కొన్ని నెలలకు నా జుట్టు రాలడం మొదలయింది. రాలడమంటే మామూలుగా కాదు, దువ్వెన పెడితే చాలు కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చేది. అమ్మ అలవాటు కొద్దీ ఆ వెంట్రుకలను ఉండ చుట్టి సంచిలో దాచేది. వీధిలోకి వచ్చే వెంట్రుకలాయన వాటికి స్టీలు గిన్నె ఇచ్చిపోయాడు. నా నెత్తి ఖర్చుతో ఇంటికి గిన్నె వచ్చిందని నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆ గిన్నెలో ఒక్కనాడూ కూర వండలేదు.

నిజానికి నాకు అందం గురించి బెంగ లేదు. తమ్ముడు పోయాక అమ్మ నోరు విప్పేది జడ వేసే ఆ కాసేపే. మిగతా పొద్దంతా గోడకు చేరగిలబడి వీధిలోకి చూస్తూ ఉండేది. ఆ నాలుగు వెంట్రుకలూ ఊడిపోతే ఇక ఆమెను దేనితో పలకరించాలి? అదే నా భయం. అందుకే ఆదోనిలో చర్మం డాక్టరు దగ్గరికి పోయాను.

ఆయన నా నెత్తి మీద లైటు వేసి చూసి, మందులతో పాటు పీఆర్పీ చేద్దామన్నాడు. అంటే ఏమిటని అడిగాను. మీ రక్తమే కొంచెం తీసి, మిషన్లో తిప్పి, అందులోని ప్లేట్‌లెట్లను మీ తలకే సూదులతో ఎక్కిస్తామన్నాడు. కర్నూలులో విన్న మాటే అది. అయినా సరేనన్నాను. ఇంటికొచ్చి జుట్టుకు సూదులు వేస్తారని మాత్రమే అమ్మకు చెప్పాను. ప్లేట్‌లెట్లన్న మాట మళ్లీ ఆ ఇంట్లో పలకడానికి నాకు నోరు రాలేదు.

మొదటిసారి ఒక్కదాన్నే పోయాను. మొద్దుబారే మందు పూశారు గానీ, నుదుటి పైన సూది దిగినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరుగు బస్సులో తల తిరిగి, పక్కనున్నామె ఒళ్లో పడినంత పని చేశాను. సంగతి తెలిసి అమ్మ రెండోసారి నా వెంట బయలుదేరింది. వద్దంటే వినే రకం కాదు. నేను గట్టిగా వద్దనలేదు కూడా. అన్నాళ్ల తర్వాత ఆమె గడప దాటుతోందని లోపల సంతోషపడ్డాను, నా బుద్ధికి ఏం రోగమో!

ఆస్పత్రి పిల్ల నా చేతి నుంచి నెత్తురు తీసి మిషన్లో పెట్టింది. అది తిరగడం ఆగాక గొట్టం బయటికి తీస్తే కింద ఎర్రగా, పైన పసుప్పచ్చగా తేరుకుని ఉంది. అమ్మ దగ్గరికి పోయి, ఆ పచ్చనిదేమిటని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల మంచి మనసుతోనే చెప్పింది, ప్లేట్‌లెట్లు ఇందులోనే ఉంటాయవ్వా, వీటితోనే జుట్టు వస్తుంది అని.

అమ్మ ఆ గొట్టాన్నే చూస్తూ నిలబడిపోయింది.

కర్నూలులో తమ్ముడికి రక్తం కావాలన్నప్పుడు వాడి స్నేహితుల వరసలో నేనూ నిలబడ్డాను. వాడిదీ నాదీ ఒకటే గ్రూపు. అమ్మ వచ్చి నా రెక్క పట్టుకుని బయటికి లాగింది. పెళ్లి కావలసిన పిల్ల, ఇప్పుడు నెత్తురు తీస్తే రేపు కానుపుకు తట్టుకోదు, ఇంతమంది మగపిల్లలుండగా నువ్వెందుకని. మా వైపు ఏ తల్లయినా అదే అంటుంది. ఆ పిల్లలు ఇచ్చారు, సీసాలు ఎక్కించారు, మర్నాడు వాడు పోయాడు.

"నీకాడ ఉండినాయి గదమ్మా ఇవి," అన్నది అమ్మ మెల్లగా. "నేనే గద ఆ పొద్దు నిన్ను ఈడ్సుకొచ్చింది."

నేను ఎంత చెప్పాలో అంతా చెప్పాను. ఇంత చుక్కతో వాడు బతికేవాడు కాదని, నాది ఎక్కించినా ఆగేది కాదని, అప్పటికే లోపల రక్తం కారుతోందని. డాక్టరు చేత కూడా చెప్పించాను. అన్నిటికీ తలాడించింది. బస్సులో ఎమ్మిగనూరు వచ్చేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

డాక్టరు చెప్పినన్నిసార్లూ పోయాను. జుట్టు వచ్చింది. ముందు పాపిట పక్కన నూగులాగా మొదలై, ఇప్పుడు మునుపటంత కాకపోయినా జడకు సరిపోయేంత ఉంది. బళ్లో తోటి టీచర్లు ఏ నూనె రాస్తున్నావని అడుగుతున్నారు.

జుట్టు చేతికి అందేంత పెరిగిన రోజు దువ్వెన తీసుకుని, మునుపటిలాగే మెట్టు మీద అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆమె చెయ్యి నా నెత్తి దాకా వచ్చి ఆగిపోయింది.

"నాతో కాదమ్మా," అని లేచి లోపలికి పోయింది.

ఇప్పుడు నా జడ నేనే వేసుకుంటున్నాను.